పాత ఇల్లు, మీ ప్రశ్నలు: ముందు నీళ్ళ దారి చూడండి

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా చెమ్మ గురించే. మృగశిర కార్తె దగ్గర పడితే ఏటా ఇంతే. బ్రాడీపేట మాస్టారికి ఇచ్చిన జవాబు బాగా పొడుగైంది. అదే బాధ పడుతున్నవాళ్ళు అది తమ ఇంటి గురించే అనుకుని చదువుకోండి, అందరికీ విడివిడిగా రాయడానికి చోటు చాలదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా తాతగారు 1936లో కట్టించిన ఇల్లు మాది. అడుగున్నర మందం ఇటుక గోడలు, పైన మద్రాసు టెర్రస్, అంటే చెక్క దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన కప్పు. ముందు గదిలో గోడ నేల నుంచి మూడడుగుల దాకా పెచ్చులూడుతుంటే, నాలుగేళ్ళ క్రితం పాత సున్నం అంతా కొట్టించి సిమెంటు ప్లాస్టరింగ్, పుట్టీ, డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేయించాను. రెండేళ్ళు బాగానే ఉంది. ఇప్పుడు అయిదడుగుల ఎత్తున ఉబ్బి రాలుతోంది, చేత్తో తుడిస్తే తెల్లగా ఉప్పు పొడి వస్తోంది. కాంట్రాక్టరేమో గోడకి రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కిద్దాం, లేకపోతే ఆరడుగుల దాకా టైల్స్ అంటించేద్దాం అంటున్నాడు. రెండిట్లో ఏది మంచిది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బ్రాడీపేట

జవాబు: రెండూ వద్దు మాస్టారూ. టైల్స్ అంటిస్తే జబ్బు కంటికి కనపడదు, అంతే. ఇక కెమికల్ సంగతి. అడుగున్నర గోడ లోపల ఎక్కడెక్కడ ఖాళీలు వదిలేశారో కట్టిన మేస్త్రికి తప్ప ఇంకెవరికీ తెలీదు. పోసిన మందు అన్నివైపులా సమంగా పాకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాకిందే అనుకున్నా, ఇప్పటికే గోడలోకి ఎక్కి కూర్చున్న ఉప్పుని అది ఏమీ చేయదు.

జరిగింది ఇది. మీ గోడ ఇటుకా సున్నంతో కట్టింది. ఆ కాలపు మామూలు ఇళ్ళలో పునాది మీద చెమ్మని ఆపే పొర వేసేవాళ్ళు కాదు. నేలలో తేమ ఇటుక గుండా కొంత ఎత్తు ఎక్కుతుంది, సున్నం పూతలోంచి గాలికి ఆరిపోతుంది. మీ తాతగారి రోజుల నుంచీ జరుగుతున్నది ఇదే. నీళ్ళు ఆరిపోయినా వాటిలో కరిగిన ఉప్పు పూతలో ఉండిపోతుంది. అందుకే గోడ అడుగున సున్నం కొన్నేళ్ళకోసారి రాలుతుంది, రాలిన మేర మళ్ళీ పూసుకోవాలి. ఆ రాలడం మంచికే. ఇటుక అరగాల్సిన చోట పూత అరుగుతోందన్నమాట. మీరు సిమెంటూ పుట్టీ ప్లాస్టిక్ పెయింటూ వేసి ఆ దారి మూసేశారు. నీళ్ళు ఊరుకోవు కదా, ఆరడానికి చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి పోయాయి. మూడడుగుల చెమ్మ అయిదడుగులు అయింది అందుకే. ఆరడుగుల దాకా టైల్స్ వేయించండి, ఏడడుగుల దగ్గర మచ్చ కనపడగానే మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు.

మీరు రాయని సంగతి ఒకటి నాకు కావాలి. మీ అరుగు ఎక్కడానికి మొదట్లో మెట్లెన్ని, ఇప్పుడు ఎన్ని కనిపిస్తున్నాయి? బ్రాడీపేటలో, అరండల్‌పేటలో లైన్లూ అడ్డరోడ్లూ ఎంతో పద్ధతిగా వేశారు. కానీ రోడ్డు బాగుచేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తూ వచ్చారు. నాలుగు మెట్ల అరుగులకి ఒకటిన్నర మెట్టు మిగిలిన ఇళ్ళు నేను చాలా చూశాను. కొన్నిట్లో వీధి కంటే ముందు గది నేలే పల్లం. మేస్త్రిలు మట్టం చూసే సన్న గొట్టంలో నీళ్ళు నింపి ఒక చివర మీ గడప దగ్గర, ఇంకో చివర రోడ్డు మధ్యలో పట్టించండి. అయిదు నిమిషాల పని. తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది.

తరవాత ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి, వాన పడుతున్నప్పుడైతే ఇంకా మంచిది. పక్కింటికీ మీకూ మధ్య సందులో వేసిన సిమెంటు గచ్చు వాలు ఎటు ఉంది? వెనక తర్వాత కట్టుకున్న బాత్‌రూమ్ గోడ అసలు ఇంటి గోడకే ఆనుకుని ఉందా? పైన ట్యాంకు నిండి కారే నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి? ఏసీ గొట్టాన్ని గోడ మొదట్లో వదిలేసి, ఎండాకాలం అంతా బొట్టు బొట్టుగా పునాదికి నీళ్ళు పెడుతున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. ఆ ఇంటాయన ‘ఎండల్లో కూడా చెమ్మేమిటండీ’ అని ఆశ్చర్యపోతుంటాడు. డాబా మీదికెక్కి తూముల్లో ఆకులూ, పిట్టగోడ మూల రావి మొక్కా ఉన్నాయేమో చూడండి. రావి మొక్కని పీకితే వేరు లోపలే ఉండిపోతుంది. మొదలు కోసి, ఆ కోతకి మందు పూసి, పూర్తిగా ఎండాక తీయించాలి.

నీళ్ళ సంగతి తేలేదాకా గోడ జోలికి పోవద్దు. మీ గోడ వెంట బయట సిమెంటు గచ్చు ఉంటే అడుగు వెడల్పున పగలగొట్టించి, అడుగున్నర లోతు తవ్వించి, వాలు పెట్టి రంధ్రాల గొట్టం పరిచి కంకర పోయించండి. దాన్ని మురిక్కాలవ వైపు కాకుండా ఇంకుడు గుంట వైపు పంపిస్తే మేలు, కాలవ పొంగితే నీళ్ళు అదే గొట్టంలోంచి వెనక్కి వస్తాయి. తవ్వే ముందు ఒక మూల చిన్న గుంట తీసి పునాది అడుగు ఎంత లోతులో ఉందో చూసుకోండి. దానికంటే కిందికి పోకూడదు. గోడ పొడుగునా ఒక్కసారే తవ్వేయకూడదు కూడా, పదేసి అడుగులు చేసి పూడ్చుకుంటూ పోవాలి. ఈ మాట కాంట్రాక్టర్‌కి చెబితే నవ్వుతాడు. నవ్వనివ్వండి, మీరు మాత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి.

ఆ తరవాతే సిమెంటు కొట్టించడం. కరెంటు బ్రేకర్ వద్దు, ఉలీ సుత్తే. మిషను పెడితే సిమెంటుతో పాటు ఇటుక మొహం కూడా ఊడి వస్తుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే డొల్ల మోత వచ్చే చోట మొదలుపెట్టాలి, అక్కడ సులువుగా వస్తుంది. కొట్టాక గోడని కొబ్బరి చీపురుతో పొడిగానే రుద్ది, రాలిన ఉప్పు పొడి అంతా ఎత్తి బయట పారేయాలి. కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది. ఇక ఆరనివ్వడం. మందం అంగుళానికి నెల చొప్పున అని ఒక లెక్క ఉంది. రెండువైపులా గాలి ఆడుతుంటే మీ గోడకి అంత పట్టకపోవచ్చు, కానీ ఒక ఎండాకాలం మాత్రం పూర్తిగా ఇవ్వాలి. చుట్టాలొస్తే బాగుండదు అంటారేమో. ఒక తెర కట్టుకోండి.

సున్నం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మోసం ఎక్కువ. సంచుల్లో వచ్చే పొడి సున్నం దుకాణంలో నెలల తరబడి ఉంటే గాలి తగిలి సగం సుద్దయిపోతుంది, పట్టు ఉండదు. సున్నానికే పేరుపడ్డ పిడుగురాళ్ళ మన పక్కనే ఉండగా ఆ సంచులెందుకు? బట్టీ నుంచి రాయి సున్నం తాజాగా తెప్పించండి. పెరట్లో గుంట తీసి నీళ్ళు పోసి రాళ్ళు కొద్దికొద్దిగా వేస్తే బుసబుసమని ఉడికిపోతుంది. ఆ టైంలో కళ్ళజోడు లేకుండా దగ్గరికి ఎవరినీ రానివ్వద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మనవలుంటే ఆ పూట వాళ్ళని వేరే ఇంటికి పంపేయండి. ఉడికిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిచేట్టు పెట్టి కనీసం పదిహేను రోజులు వదిలేయాలి, నెల ఉంటే ఇంకా మంచిది. అప్పటికి వెన్నముద్దలా తాపీకి అంటుకుంటుంది.

కలపడం: సున్నం ఒక పాలు, సుర్కీ ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు. సుర్కీ అంటే ఇటుక పొడి, మరీ మాడి నల్లబడ్డ ఇటుక పనికిరాదు. ఇసుక కృష్ణది కావాలి. బాపట్ల వైపు నుంచి చవగ్గా వస్తోందని సముద్రపు ఇసుక పోయించుకుంటే మీరే చేతులారా గోడకి ఉప్పు పెట్టినట్టు. గోడని ముందు తడిపి అర అంగుళం మించకుండా ఒక పూత, అది బిగిశాక ఇంకో పూత. సిమెంటులా మర్నాటికి రాయి కాదు. గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. మొదటి పది రోజులూ గోనె పట్టాలు తడిపి వేలాడదీయాలి. అందుకే రోహిణి కార్తె ఎండల్లో సున్నం పని పెట్టుకోకూడదు. కార్తీకం దాటాక మొదలుపెట్టి శివరాత్రికి ముగించుకోండి. సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలపడం తప్పనిసరా అని చాలామంది అడుగుతున్నారు. డాబా మీద గచ్చుకి వాడితే పని బాగా ఆడుతుంది. గది గోడకి లేకపోయినా నష్టం లేదు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పి ఉంచుతున్నాను. పని సగంలో మీ మేస్త్రి ‘ఒక్క గమేళా సిమెంటు కలిపితే గట్టిగా ఉంటదండీ’ అంటాడు. ప్రతి మేస్త్రీ అంటాడు. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు కలిపేస్తాడు కూడా. సిమెంటు బస్తా ఆ ఇంటి కాంపౌండులోకే రాకుండా చూసుకోండి.

పైన రంగు కూడా సున్నమే, పల్చగా మూడు చేతులు. మొదట వేసినప్పుడు ఏమీ కనపడదు, ‘ఇంతేనా’ అనిపిస్తుంది, ఆరాక తెల్లబడుతుంది. బీరువాలూ మంచాలూ గోడకి జానెడు ఎడంగా ఉంచండి. ఖర్చు ఎంతవుతుందని అడుగుతారేమో కానీ ఇల్లు చూడకుండా అంకె చెప్పడం నాకు అలవాటు లేదు.

ప్రశ్న: అక్కా, విజయవాడ వన్‌టౌన్‌లో కొండ పక్కన మాది పెంకుటిల్లు. కోతులు రోజూ ఇంటి మీద గంతులేసి పెంకులు పగలగొడుతున్నాయి, నాలుగు చోట్ల కారుతోంది. మావారు పెంకు తీసేసి అవే గోడల మీద శ్లాబు పోయిద్దాం అంటున్నారు. మరిదేమో రేకులు చాలంటున్నాడు. నాకు పెంకు తీయడం ఇష్టం లేదు. పైగా ఒక పెంకు వెనక 1865 అని ఉంది, అంత పాత ఇంటిని పాడు చేయడం ఎందుకని నా బాధ.
– గృహిణి, విజయవాడ

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 1865 సంగతి. పెంకు వెనక అచ్చుని ఇంకోసారి చదువు. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం అది. తర్వాత ఎన్నో దశాబ్దాలు తయారైన పెంకుల మీద కూడా అదే అంకె ఉంటుంది. ఇంటి వయసు కావాలంటే పాత దస్తావేజులు తీయించు.

శ్లాబు వద్దని మీవారికి ఈ లెక్క చూపించు. చదరపు మీటరుకి మంగుళూరు పెంకులు పదిహేను పడతాయి, అంతా కలిపి 40 నుంచి 50 కిలోల బరువు. అదే మేర అయిదంగుళాల శ్లాబు 300 కిలోల పైన తూగుతుంది. ఆ గోడలు తేలికపాటి కప్పు కోసం కట్టినవి, వాటి నెత్తిన ఆరేడు రెట్లు బరువు పెట్టి కింద పిల్లల్ని పడుకోబెట్టుకుంటారా? రేకులు బరువుండవు, నిజమే. కానీ బెజవాడ ఎండల్లో రేకుల కింద మధ్యాహ్నం రెండింటికి కూర్చుని చూడమను మీ మరిదిని.

పెంకు సర్దించడానికి ఇప్పుడే మనిషిని పట్టుకో, వాన మొదలయ్యాక ఎవరూ ఇల్లెక్కరు. పైకెక్కినవాడు పెంకు మాత్రమే చూసి దిగిపోకూడదు. కారిన చోట రీపర్లూ (పెంకులు కూర్చునే అడ్డ చెక్కలు) వాసాల చివరలూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే ఆ ముక్క మార్చాలి, ఎందుకంటే రీపరు కుంగితే కొత్త పెంకు కూడా సరిగ్గా కూర్చోదు. చూరు దగ్గర రెండు వరసలూ, చివరి వరసలూ జీఐ తీగతో రీపరుకి కట్టించు. పెంకు వెనక దానికోసమే చిన్న బెజ్జం ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇటువైపు లేచిపోయిన పెంకుల్లో ఎక్కువ కట్టు లేని అంచు వరసలే. కోతులు కూడా ముందు పట్టి లాగేది ఆ అంచునే. రెండు వాలులూ కలిసే నడికొప్పు పెంకులు సున్నంతో బిగించాలి. సిమెంటు పెడితే ఎండకి నెర్రె విచ్చి అక్కడే కారడం మొదలవుతుంది, మార్చాలన్నా పగలగొట్టాల్సి వస్తుంది. ఇంటి మీదికి వాలిన కొమ్మలు కొట్టించు, సగం గంతులు తగ్గుతాయి. అప్పటికీ పగులుతాయి. అమ్మవారి కొండ కింద ఇల్లు పెట్టుకుని కోతులు రాకూడదంటే ఎలా? వన్‌టౌన్‌లో పాత ఇళ్ళు దింపేస్తున్న చోట అదే అచ్చు పెంకులు ఓ వంద కొని పెరట్లో పేర్చి ఉంచుకో. వేరే ఫ్యాక్టరీ పెంకు గాడిలో కూర్చోదు, కొనేటప్పుడు మీ పెంకు ఒకటి సంచిలో పట్టుకెళ్ళు.

ప్రశ్న: తాడికొండ దగ్గర మా ఇంటి గోడ బీట ఎండాకాలం విచ్చుకుంటుంది, వానల్లో దాదాపు కలిసిపోతుంది. ఏటా మే నెలలో సిమెంటు కూరుతున్నాం. ఏటా పక్కన కొత్త బీట వస్తోంది.
– రైతు

జవాబు: మీకు తెలియనిదేముందండీ, నల్లరేగడి పొలంలో ఎండాకాలం చెయ్యి దూరే నెర్రెలు చూస్తూనే ఉంటారు. ఇంటి కింద ఉన్నదీ అదే మన్ను. మేలో విచ్చుకున్నప్పుడు సిమెంటు కూరితే, వానల్లో గోడ దగ్గరికి రావడానికి చోటుండదు, పక్కన పగులుతుంది. బీట రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. బీటకి అడ్డంగా సన్నటి గాజుపలక ముక్క ఒకటి అతికించండి, గోడ కదిలితే అది పగులుతుంది. ఏటా అంతే విచ్చుకుని అంతే మూసుకుంటుంటే చలికాలంలో మెత్తటి సున్నంతో పూడ్చుకుంటే చాలు. ఏడాదికేడాది పెరుగుతుంటే ఇంజనీరుకి చూపించాలి. గోడకి దగ్గర్లో వేపచెట్టు ఉందా? ఎండల్లో మన్నులో మిగిలిన తడి కూడా అది లాగేస్తుంది. అలాగని ఇన్నాళ్ళ చెట్టుని ఒక్కసారిగా కొట్టేయకండి, మన్ను ఉబ్బి ఇంకో రకం బీటలు తెస్తుంది. కొమ్మలు తగ్గిస్తూ రండి.

ప్రశ్న: అమ్మా, బుడమేరు పక్కన పల్లె మాది. 2024 సెప్టెంబరు వరదలో మా తాతల నాటి ఇల్లు అయిదు రోజులు నడుం లోతు నీళ్ళలో ఉంది. ఇటుక గోడలే కానీ మట్టి అడుసుతో కట్టినవి. పడమటి గోడ బయటికి ఒరిగింది, దూలానికీ గోడకీ మధ్య అరచెయ్యి దూరుతోంది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ దాచిన డబ్బంతా పెట్టి దాన్ని నిలబెట్టాలని ఉంది. ఇనప గడ్డర్లు పెడితే నిలబడుతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: దింపేయండి బాబూ. ఈ శీర్షికలో నేను ఈ మాట అరుదుగా అంటాను. మట్టి అడుసు గోడ అడుగున రోజుల తరబడి నానితే ఇటుకల మధ్య మన్ను కరిగి పోతుంది. పైన బరువు అలాగే ఉంటుంది. మీ గోడ ఒరిగిన తీరు చూస్తే జరిగింది అదే. గడ్డర్లు దూలాన్ని మోస్తాయి కానీ గోడ మొదట్లో లేని మన్నుని తెచ్చి పెట్టవు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఆ గదిలో పడుకోవడం ఇవాళే మాన్పించండి. దూలం కింద సరుగుడు బాదులు పోటు పెట్టించండి.

దింపడం కూడా ఒక పని. పెంకు రెండు వాలుల మీదా సమంగా తీసుకుంటూ రావాలి, ఒక వైపు ఖాళీ చేస్తే ఒరిగిన గోడ మీదికి బరువంతా పోతుంది. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, దూలాలకీ వాసాలకీ స్తంభాలకీ పెయింటుతో నంబర్లు వేయండి. కలప నీడలో, కింద ఇటుకలు పెట్టి, మధ్యలో గాలాడేట్టు పేర్చాలి. వరద నీళ్ళు తాగిన కలపని ఎండలో పడేస్తే మెలి తిరుగుతుంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు బేస్‌మట్టం ఆ వరద గుర్తు కంటే ఎత్తున పెట్టి, ఆ కలపే వాడుకోండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుందో కూల్చే ముందే కొలిచి రాసి పెట్టుకోండి, తర్వాత ఎవరి నోట అడిగినా ఒక్కొక్కరూ ఒక్కో ఎత్తు చెబుతారు.

ప్రశ్న: అమరావతిలో స్తూపం దగ్గర్లో మా పాత ఇల్లుంది. కప్పు మార్చుకుంటామంటే అనుమతి కావాలంటున్నారు. సొంత ఇంటికి కూడానా?
– పాఠకుడు, అమరావతి

జవాబు: అవునండీ, సొంత ఇంటికే. స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఆ రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో సవరించిన చట్టం ఇది. కొలత దిబ్బ మధ్య నుంచి కాదు, హద్దు నుంచి. 100 మీటర్ల లోపల కొత్తగా కట్టనివ్వరు. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు వెతకండి, ఇల్లు అప్పటికే ఉందని చూపించడానికి పనికొస్తాయి. కాయితం చేతికి రాకుండా పని మొదలుపెట్టకండి. రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే నేరం అది. ఉండవల్లి గుహల దగ్గర ఇళ్ళున్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. బాగుచేసి వాడుతున్న పాత కట్టడం విజయవాడలో ఏది చూడమంటారు?
– విద్యార్థిని

జవాబు: బందరు రోడ్డులో బాపూ మ్యూజియం. 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబ్లీ భవనం, మరమ్మతుల తరవాత 2020 అక్టోబరులో మళ్ళీ తెరిచారు. లోపల బొమ్మలు చూసే ముందు గోడల మందం, కిటికీల ఎత్తు కొలుచుకో. మధ్యాహ్నం వెళ్ళు, లోపలికీ బయటికీ తేడా ఒంటికి తెలుస్తుంది.

ప్రశ్న: ఆంటీ, గుంటూరు కొత్తపేటలో మా అత్తగారి ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. 1944లో కట్టిన ఇల్లు. వీధి తలుపు ద్వారబంధంతో సహా మా ఫ్లాటుకి తెచ్చుకుందామని ఉంది. బర్మా టేకు అంటున్నారు. ఆకుపచ్చ పెయింటు పొరలు పొరలుగా ఉంది. వడ్రంగి మిషనుతో అరగదీసి పాలిష్ పెడతానంటున్నాడు, పని మా బాల్కనీలోనే చేస్తాడట. మాకు రెండేళ్ళ బాబు ఉన్నాడు.
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: మిషను పని బాల్కనీలో వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పొరల్లో, అందులోనూ ఆకుపచ్చ, పసుపు రంగుల్లో, సీసం ఉందనే అనుకుని పని చేయాలి. మిషను పెడితే అది కంటికి కనపడని దుమ్మయి ఇల్లంతా పరుచుకుంటుంది. పాకుతూ, చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లల మెదడుకి అదే ఎక్కువ హాని. మంట పెట్టి గీకడం కూడా వద్దు, పొగ ఇంకా చెడ్డది. తలుపుని వడ్రంగి షెడ్డులోనే ఉంచి, పెయింటు రిమూవర్ పూసి, తడిగా ఉండగానే గీకించండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి గీకిన పొట్టంతా మూటగట్టాలి. వడ్రంగికి మంచి మాస్కు మీరే కొనివ్వండి, అతనింట్లోనూ పిల్లలుంటారు.

బర్మా టేకు అన్నది నేను వెంటనే నమ్మను. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకున్నాక యుద్ధం అయ్యేదాకా అక్కణ్ణించి కలప రావడం ఆగిపోయింది. అంతకుముందు కొని ఉంచిన కలపైతే తప్ప, మీ తలుపు గోదావరి వైపు టేకు అయి ఉండొచ్చు. అదీ తక్కువదేమీ కాదు. బర్మా అన్న పేరుకి ఎక్కువ డబ్బు అడిగేవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం గుర్తుపెట్టుకోండి.

ద్వారబంధాన్ని గడ్డపారతో పెకలించనివ్వకండి. చుట్టూ గోడ ముందు తీయించి, బంధం నాలుగు ముక్కలూ కలిసే చోట కుసులు (ఒకదానిలో ఒకటి దిగే చెక్క నాలుకలు) విరగకుండా వడ్రంగి చేత విడదీయించండి. బిల్డర్ మనుషులు వచ్చే ముందు రోజే ఇది చేయించుకోవాలి, వాళ్ళు వచ్చాక ఎవరూ ఆగరు. పాత తలుపులు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. మీ ఇంట్లో పొడుగు మనిషి ఎవరైనా ఉంటే ఇప్పటి నుంచే తల వంచడం అలవాటు చేయించండి. కొత్త ఫ్లాటు గుమ్మం కొలత, మెట్ల మలుపు కొలత, లిఫ్టు కొలత మూడూ తీసుకున్నాకే తెచ్చే మాట మాట్లాడండి. పాత గడప ఒక్కటే ఇద్దరు మనుషుల మోత.